స్టూలు మీద ఒక మనిషి

బట్టల దుకాణంలో పై అంతస్తుకు వెళ్లే మెట్ల కింద ఒక గది ఉంది. తలుపు దగ్గర నిటారుగా నిలబడవచ్చు. లోపలికి పోయేకొద్దీ మెట్లు కిందికి దిగివస్తాయి కాబట్టి మెడ వంచుకోవాలి. రెండు కుట్టు మిషన్లు, ఒక ఇస్త్రీ బల్ల, గోడ పొడుగునా కొక్కేలు. కొక్కేలకు కోట్లు, ప్యాంట్లు, స్కర్టులు, కర్టెన్లు. పైన కొన్న బట్ట పొడుగైతే ఇక్కడ మడిచి కుడతారు, బిగుతైతే కుట్లు విప్పి వదులు చేస్తారు, జిప్పు మొరాయిస్తే మారుస్తారు. ఎవరో ఎవరికోసమో కుట్టినదాన్ని ఇంకెవరి ఒంటికో సరిపెట్టడమే అక్కడి పని.

ఆ గదిలో మూల మిషను ముందు కూర్చునే ఆవిడకి దుకాణంలో పేరు ఎక్స్‌ప్రెస్. ఇంట్లో పేరు వేరు. అక్కడ ఆవిడ సగం. "సగం లేచిందా?" "సగాన్ని పిలవండి, ఫొటో తీస్తున్నారు." చిన్నప్పుడు వాళ్లక్క పెట్టిన పేరది. సగం తాగిన పాలు, సగం అల్లిన జడ, సగం రాసిన హోంవర్కు, సగంలో ఆగిపోయిన మాట. పెళ్లయ్యాక పెట్టెలతోపాటు ఆ పేరు కూడా అత్తవారింటికి వచ్చి దిగింది. దారిలో పోయిన వస్తువులు చాలా ఉన్నాయిగానీ పేరు మాత్రం భద్రంగా చేరింది.

ఒకే మనిషికి ఈ రెండు పేర్లూ ఎలా వచ్చాయో తెలియాలంటే ఆవిడ మిషను ఎదురుగా వేసిన స్టూలు సంగతి తెలియాలి.

పనిలో చేరిన కొత్తలో ఆవిడ చేతికి ఏ బట్ట ఇచ్చినా వారం తర్వాత కూడా కొక్కేనికే ఉండేది. ఒక కాలు మడిచి, రెండో కాలు వదిలేసిన ప్యాంట్లు. మూడు వైపులా కుట్టి నాలుగో వైపు గుండుసూదులతో ఆగిపోయిన కర్టెన్లు. యజమాని కళ్లజోడు పైనుంచి చూసి చూసి, ఇక మానిపిద్దామనుకున్న రోజున ఒక పెళ్లికొడుకు పరుగెత్తుకొచ్చాడు. సాయంత్రం పెళ్లి, ప్యాంటు నేలమీద ఊడుస్తోంది. అతగాడు ఎవరిమాటా నమ్మకుండా, అయ్యేదాకా కదలనని ఇస్త్రీ బల్ల మీదే ఎక్కి కూర్చున్నాడు. ఆవిడ మిషను తొక్కడం మొదలుపెట్టింది. తల ఎత్తలేదు, కిటికీ వైపు చూడలేదు, మంచినీళ్లకి లేవలేదు. పెళ్లికొడుకు చెమట ఆరకముందే ప్యాంటు ఇస్త్రీతో సహా చేతిలో పెట్టింది. కుట్టు చూస్తే గీతలా ఉంది.

మర్నాడు యజమాని ఒక స్టూలు తెప్పించి మూల మిషను ఎదురుగా వేయించాడు. అప్పట్నించి తొందర ఉన్నవాళ్లంతా ఆ స్టూలు మీద కూర్చోవడం, ఆవిడ వాళ్లు లేచేలోపు పని ముగించడం. ఎవరూ లేని పూట యజమాని గేటు దగ్గరి వాచ్‌మన్ని పంపేవాడు. "పోయి ఎక్స్‌ప్రెస్ ముందు కూర్చో. పేపరు చదువుకో, నిద్రపో, నీ ఇష్టం." వాచ్‌మన్ గురక పెడుతుంటే కర్టెన్ల నాలుగో వైపులు పూర్తయ్యేవి. అర్జంటు రేటు యజమానికి పోయేది, అర్జంటు ఆవిడకి మిగిలేది.

ఆ స్టూలు మీద కూర్చున్నవాళ్లలో నేనూ ఉన్నాను. నా కోటు చేతులు ఎప్పుడూ పొడుగే. మొదటిసారి వెళ్లినప్పుడు, "మీరు కూర్చోండి, మాట్లాడక్కర్లేదు," అంది. తర్వాత తనే మాట్లాడింది. ఇదంతా ఆవిడ కుడుతూ చెప్పినదే.

అత్తగారు బాలికల హాస్టల్లో వార్డెనుగా చేసిన మనిషి. కోడలు కాపురానికి వచ్చిన వారంలో రెండుసార్లు పాలు పొంగిపోయాయి, ఒకసారి కుళాయి రాత్రంతా కారింది. అత్తగారు అరవలేదు. వంటగది గుమ్మం పక్కన ఒక స్టూలు వేసుకుని, చేతులు కట్టుకుని కూర్చుంది. ఆవిడ నోట్లోంచి వాక్యాలు రావు. ఒక్కో మాటే వస్తుంది.

"పాలు."

కోడలు ఉలిక్కిపడి పొయ్యి వైపు తిరిగేది.

"కుళాయి."

"గ్యాసు."

"ఉప్పు. రెండోసారి."

"ముప్పై ఏళ్లు విన్నానండీ," అంది ఆవిడ సూదిలోకి దారం ఎక్కిస్తూ. "వంటగదిలో ఉన్న అన్ని వస్తువుల పేర్లూ ఆవిడ నోట విన్నాను. నా పేరే వినలేదు."

ఆవిడ భర్త బస్సు డిపోలో టైమ్‌కీపరు. పెళ్లాన్ని కొట్టే రకం కాదు, హాస్యమాడే రకం. చుట్టాలొస్తే కాళ్లు చాపుకుని మొదలుపెట్టేవాడు. "నేను రోజూ ఊరంతటికీ బస్సులు టైముకి పంపిస్తాను. మా ఇంట్లో ఒక్క టీ కప్పుని వంటింట్లోంచి హాల్లోకి టైముకి తెప్పించలేకపోతున్నా. దార్లో బ్రేక్‌డౌన్." అందరూ నవ్వేవాళ్లు. ఆవిడా నవ్వేది. నవ్వకపోతే, "సగానికి కోపం కూడా సగమే," అని ఇంకో నవ్వు పుట్టేది.

ఆ ఇంట్లో అన్ని కథలకన్నా పెద్ద కథ బొత్తాల కొట్టుది.

కూతురికి మూడు నిండి నాలుగో ఏడు. ఎవరిదో కోటుకి ఒక బొత్తాం తక్కువైంది, దానికి జోడీ వెతకడానికి కూతుర్ని వెంటబెట్టుకుని వెళ్లింది. ఆ కొట్లో గోడ నిండా చిన్న చిన్న సొరుగులు. ఏ సొరుగులో ఏ బొత్తాముందో తెలిసేలా సొరుగు ముందు ఒకటి అతికించి ఉంటుంది. కొట్టాయన పిల్లని ఎత్తి కౌంటరు మీద కూర్చోబెట్టాడు. తల్లి సొరుగులు చూడసాగింది. గవ్వతో చేసినవి, కొమ్ముతో చేసినవి, గుర్రపు తల అచ్చువేసిన ఇత్తడివి. చివరికి జోడీ దొరికింది. దొరికిన సంతోషంలో గుప్పెట బిగించి, దాన్ని ఎక్కడ కుట్టాలో ఏ దారంతో కుట్టాలో ఆలోచించుకుంటూ ఇంటికొచ్చేసింది.

అత్తగారు తలుపు తీసింది. బొత్తాం వైపు చూడలేదు.

"పిల్ల," అంది.

భర్త సైకిలు మీద పరుగెత్తాడు. పిల్ల కౌంటరు మీదే ఉంది, చేతిలో బిస్కెట్టు. ఏమీ కాలేదు. కాని ఆ రాత్రి పిల్ల పక్కబట్టలు అత్తగారి గదిలోకి వెళ్లిపోయాయి. స్నానం అత్తగారు, జడ అత్తగారు, బడికి దింపడం అత్తగారు. తల్లి దగ్గరికొస్తే "పక్కకి" అనేది. పిల్ల నాయనమ్మ కొంగు పట్టుకుని పెరిగింది. ఆ కథ మాత్రం ఇంట్లో రోజుకంత పెద్దదైంది. "బొత్తామిచ్చి పిల్లని తీసుకోమంది కొట్టాయన్ని! ఆయనే ఒప్పుకోలేదు!" కూతురు కూడా పెద్దయ్యాక ఆ కథ చెప్పి స్నేహితురాళ్లని నవ్వించేది.

మూడేళ్ల కిందట అత్తగారు పోయింది. ఏడవలేదని ఆవిడే చెప్పింది. "హమ్మయ్య అనుకున్నానండీ. వంటగదిలో స్టూలు తీసి బాల్కనీలో పడేసి దాని మీద పూలకుండీ పెట్టాను."

నెల తిరిగేసరికి ఇల్లు చెయ్యి దాటిపోయింది. అత్తగారి కాలంలో రెండుసార్లు పొంగిన పాలు ఇప్పుడు రోజూ మాడుతున్నాయి. కుళాయి వదిలేసి దుకాణానికి వస్తే కింది ఇంట్లో వాళ్ల పరుపు తడిసింది. ఇంటి తాళంచెవి ఫ్రిజ్‌లో దొరికింది. ఆయన డిపో నుంచి వచ్చి, ముక్కు మూసుకుని కిటికీలు తెరుస్తూ, "మా అమ్మ పోయాక నీకు పట్టపగ్గాల్లేవు," అన్నాడు. ఆ మాటే పదిమందితో అన్నాడు. ముసలావిడ బతికున్నంతకాలం భయంతో చేసింది, ఇప్పుడు ఒళ్లు బరువెక్కింది అని చుట్టాలు తేల్చారు. ఆవిడకీ అదే నిజమనిపించింది. నేను మంచిదాన్ని కాదు, భయస్తురాలిని మాత్రమే అనుకుంది.

ఇంతలో కూతురికి కొడుకు పుట్టాడు.

కూతురు ఆస్పత్రిలో స్కానింగు తీసే పని చేస్తుంది. సెలవు అయిపోవస్తోంది. పిల్లాడు పాకుతున్నాడు. కూతురి అత్తగారు వాళ్లింట్లోనే ఉంటుందిగానీ ఆవిడకి మోకాళ్ల నొప్పులు, పాకే పిల్లాడి వెనక పరుగెత్తలేదు. శిశు సంరక్షణ కేంద్రంవాళ్లు నడక వస్తేనే తీసుకుంటామన్నారు. పగటిపూట పిల్లాణ్ణి ఎవరు చూసుకోవాలన్నది ప్రశ్న.

"నాకివ్వు," అంది ఆవిడ. "పని మానేస్తా."

"చూద్దాం అమ్మా," అంది కూతురు.

రోజూ ఫోను చేసేది. రోజూ చూద్దామే.

"నాకు ఇంకేం అక్కర్లేదండీ," అంది నాతో, నా కోటు చెయ్యి తిరగేస్తూ. "నా కూతుర్ని ఒక్కపూట కూడా నా చేతుల్లో వదల్లేదు. వీడితో ఒక్కపూట. ఎవరూ గుమ్మంలో కూర్చోకుండా. నేనూ వాడూ. అంతే."

రెండో మిషను దగ్గర కాజాలావిడ కూర్చుంటుంది. బొత్తాలకి కాజాలు తీయడం ఆవిడ పని. నోరు కత్తెరకన్నా పదును. ఒకరోజు టీ తాగుతూ ఫోను చూస్తూ కేకేసింది.

"ఏయ్ ఎక్స్‌ప్రెస్! నిన్ను సినిమా తీశారు చూడు!"

ఫోన్లో ఎవరో ఆవిడ, నలభై దాటినావిడ, మాట్లాడుతోంది. గదిలోకి ఎందుకొచ్చానో మర్చిపోయి నిలబడిపోతాను అంటోంది. పది పనులు మొదలుపెడతాను, ఒకటీ ముగించను అంటోంది. మెడమీద కత్తి పెడితే మాత్రం గంటలో చేసేస్తాను, అందుకే అందరూ నాకు బద్ధకమన్నారు, నేనూ బద్ధకమే అనుకున్నాను అంటోంది. మొన్ననే డాక్టరు చెప్పింది, నాకు ఏడీహెచ్‌డీ అట, పుట్టినప్పట్నించీ ఉందట అంటూ ఏడుస్తోంది.

"ఏడవడం తప్ప అంతా నువ్వే," అంది కాజాలావిడ. ఇస్త్రీ చేసేవాడు పగలబడి నవ్వాడు.

ఆవిడ ఫోను తన చేతిలోకి తీసుకుంది. మళ్లీ చూసింది. మళ్లీ చూసింది. కాజాలావిడ ఫోను గుంజుకుంటే గాని వదల్లేదు. ఆ సాయంత్రం ఒక తెల్ల స్కర్టుకి నల్ల దారంతో అంచు కుట్టేసి, ఇంటికి పోయేటప్పుడు తన చెప్పులు వదిలేసి కాజాలావిడ చెప్పులు వేసుకుపోయింది.

డాక్టరు దగ్గరికి ఒక్కతే వెళ్లింది. మొదటిసారి తప్పు రోజున వెళ్లింది. రెండోసారి సరైన రోజే, కాని బ్యాగు బస్సులో వదిలేసింది. డాక్టరమ్మ నవ్వలేదు. ఆవిడని అన్నింటికన్నా భయపెట్టింది అదే. మర్చిపోయానంటే నవ్వని మనిషిని ఆవిడ అంతవరకు చూడలేదు. చాలా ప్రశ్నలు అడిగాక డాక్టరమ్మ, "చిన్నప్పట్నించీ మిమ్మల్ని చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? వాళ్లతో మాట్లాడాలి," అంది.

అమ్మా నాన్నా లేరు. అక్క ఉంది. లెక్కల టీచరుగా చేసి రిటైరైంది.

"నీ గురించి చెప్పడానికా?" అంది అక్క ఫోన్లో. "డబ్బులిచ్చి మరీ వస్తానే!"

అక్క తల దువ్వుకుని, మంచి బట్టలు కట్టుకుని వచ్చింది. డాక్టరమ్మ ఎదుట కుర్చీలో సర్దుకుని కూర్చుంది. చెల్లెలు పక్క కుర్చీలో.

"చిన్నప్పుడు ఎలా ఉండేదండీ ఈవిడ?"

"ఉంటేగా ఎలా ఉందో చెప్పడానికి! కూర్చోబెట్టిన చోట ఉండేది కాదు. బడికి ఒక కాలికి నా చెప్పు, ఇంకో కాలికి మా అమ్మ చెప్పు. టీచర్లు నన్ను పిలిచి చూపించేవాళ్లు. సిగ్గుతో చచ్చేదాన్ని."

డాక్టరమ్మ రాసుకుంది.

"పరీక్షలు?"

"అడక్కండి. కాగితం తిప్పి చూడలేదు. అయిదే ప్రశ్నలిచ్చారు, తొందరగా అయిపోయిందని గెంతుకుంటూ వచ్చింది. వెనకాల ఇంకో పది ఉన్నాయి. నేను టీచర్నయ్యాక ప్రతి ఏడూ పిల్లలకి ఈ కథే చెప్పేదాన్ని. మా చెల్లెల్లా చెయ్యకండర్రా అని."

చెల్లెలు తల తిప్పి అక్కని చూసింది. ఎక్కడో ఏవో బళ్లలో, తను ఎరగని పిల్లలు తనని చూసి ఏళ్ల తరబడి నవ్వారన్న సంగతి ఆవిడకి అప్పుడే తెలిసింది.

"ఇంట్లో ఏమనేవారు?"

"నాన్న బెల్టు తీసేవాడు. కొడుతుంటే కూడా చూడాలి మీరు! కిటికీలోంచి పిచ్చుకని చూసేది. దెబ్బ మీద దెబ్బ పడుతుంటే, నాన్నా అది గూడు కడుతోంది చూడు అంది ఒకసారి. ఆయనకి ఇంకా మండింది."

"దెబ్బలు తగిలాక మారేదా?"

"ఆ పూటకి. మళ్లీ మామూలే." అక్క ముందుకు వంగింది. "రాసుకుంటున్నారా? ఇంకా ఉన్నాయి. రాయండి, రాయండి."

అడిగిన ప్రతిదానికీ అక్క దగ్గర ఒక కథ ఉంది. యాభై ఏళ్లు పండగలా దాచుకుని, చుట్టాల ముందు విప్పి చూపిన కథలు. అవన్నీ ఆ గదిలో ఒకటొకటిగా సాక్ష్యాలయ్యాయి. అయ్యాక డాక్టరమ్మ కలం మూసి, ఫోన్లో ఆవిడ చెప్పిన పేరే చెప్పింది. ఏడీహెచ్‌డీ. చిన్నప్పట్నించీ ఉన్నదే, ఎవరూ పట్టించుకోలేదు, ఆడపిల్లల్లో చాలాసార్లు ఇలాగే దాటిపోతుంది అంది.

"అంటే నేను చెప్పినవన్నీ కరెక్టేగా?" అంది అక్క.

డాక్టరమ్మ చెల్లెలి వైపు తిరిగింది. మీకు శ్రద్ధ లేక కాదమ్మా, శ్రద్ధ మీరు పెట్టమన్న చోట నిలవదు, అది మెదడు తీరు అని వివరించింది. మందు రాసింది. మందుతోపాటు ఇంకొన్ని చిట్కాలు చెప్పింది. "పనిచేసేటప్పుడు దగ్గర్లో ఎవరినైనా కూర్చోమనండి. చాలామందికి అది పనిచేస్తుంది."

"కూర్చుంటే చాలా?" అంది ఆవిడ.

"చాలు."

"తిట్టక్కర్లేదా?"

డాక్టరమ్మ మందుచీటీ ఆవిడ వైపు జరిపింది. "అక్కర్లేదమ్మా. ఏమీ అనక్కర్లేదు. వాళ్ల పని వాళ్లు చేసుకున్నా చాలు."

అక్కడ ఆవిడకి నవ్వొచ్చింది. నవ్వు ఎంతకీ ఆగలేదు. అక్క చెయ్యి పట్టుకుని బయటికి తీసుకురావలసి వచ్చింది. "ముప్పై ఏళ్లు ముసలావిడ అక్కడ కూర్చోబట్టే నా వంట సాగింది," అంది నాతో. "ఆవిడ నాకు ఊతకర్రండీ. ఆ ఊతకర్రతోనే నన్ను మోదింది. నోరు మూసుకుని కూర్చున్నా సరిపోయేది! నాకు తెలీదు, ఆవిడకీ తెలీదు. ఇప్పుడు ఎవర్ని తిట్టుకోను చెప్పండి?" ఆ మాట చెబుతూ నా కోటు చేతికి బొత్తాం తలకిందులుగా కుట్టి, మళ్లీ ఊడదీసింది.

ఇంకెవరైనా అయితే ఆ సంగతి కొన్నాళ్లు కడుపులో పెట్టుకునేవాళ్లు. ఆవిడ మెట్లు దిగుతూనే ఫోను తీసింది. ఆయనకి, అల్లుడికి, కింది ఇంటివాళ్లకి, పెళ్లిలో ఒక్కసారి చూసిన వేలువిడిచిన వదినకి. నేను బద్ధకస్తురాలిని కాదట, నా మెదడు తీరే అంతట! ప్రతివాళ్లూ "అయ్యో" అన్నారు. ఆవిడ "అయ్యో ఏంటి, మంచివార్త!" అంది.

ఆదివారం భర్తతో కలిసి కూతురింటికి వెళ్లింది. అప్పటికే అందరికీ తెలుసు. వియ్యపురాలు మోకాళ్లకి గుడ్డ చుట్టుకుని సోఫాలో కూర్చుంది.

"ఇన్నాళ్లూ మేం సరదా అనుకున్నాం వదినగారూ," అంది ముక్కు మీద వేలేసుకుని. "జబ్బని తెలిస్తే నవ్వేవాళ్లమా?"

"జబ్బు కాదండీ, అది..."

"దీనికో మాత్ర కూడా ఉంది," అన్నాడాయన. "అది వేసుకుందో లేదో గుర్తుండటానికి ఇంకో మాత్ర కావాలి." అల్లుడు నవ్వు ఆపుకోవడానికి దగ్గాడు.

ఆవిడ పట్టించుకోలేదు. కూతురి చెయ్యి పట్టుకుంది. "ఇప్పుడు కారణం తెలిసిందిగా. ఇక పిల్లాణ్ణి నాకివ్వచ్చుగా?"

కూతురు చెయ్యి వెనక్కి తీసుకుంది. అరవలేదు. మెల్లగానే అంది.

"అమ్మా, ఇన్నాళ్లూ నువ్వు కాస్త ఒళ్లు దగ్గర పెట్టుకుంటే మారతావనుకున్నా. అందుకే చూద్దాం అన్నా. ఇప్పుడు డాక్టరే చెప్పింది కదా, పుట్టుకతో వచ్చిందీ, పోయేది కాదూ అని. ఇక చూసేదేముంది?"

అక్కడున్న అందరికీ అది న్యాయంగానే వినిపించింది.

అయినా ఒక పూట దొరికింది. వియ్యపురాలికి మోకాలి ఇంజక్షను, అల్లుడు ఆవిడని తీసుకెళ్లాలి, ఆస్పత్రిలో కూతురి డ్యూటీకి మారు మనిషి దొరకలేదు. పొద్దున్నే కూతురు పిల్లాణ్ణి తెచ్చి తల్లి చేతుల్లో పెట్టింది. గుమ్మంలో నిలబడి, చెప్పులు వేసుకుంటూ, చుట్టూ చూసింది.

"గ్యాసు," అంది. "బాల్కనీ. ఫోను."

ముసలావిడ గొంతే. పెంచిన చేతులు ఎక్కడికి పోతాయి?

తలుపు మూసుకుంది. ఇల్లంతా ఆవిడా, పిల్లాడూ. ఎదురుగా స్టూలు లేదు, స్టూలు మీద మనిషి లేదు. కావాలని కోరుకున్న పూట ఇదే. తన సంగతి తనకి తెలుసు. కిటికీలోంచి ఒక పిచ్చుక కనిపిస్తే చాలు. పొద్దున మాత్ర వేసుకుంది, అయినా నమ్మకం చాల్లేదు. మెడలో కొలత టేపు వేలాడుతోంది. నిద్రలో తప్ప అది ఆవిడ మెడలోంచి దిగదు. తీసింది. పిల్లాడి చొక్కా మీదుగా నడుముకి మెత్తటి గుడ్డ చుట్టి, దాని మీద టేపు ఒక కొస వదులుగా ముడేసింది. రెండో కొస తన ఎడమ మణికట్టుకి కట్టుకుంది.

పిల్లాడు బల్ల కిందికి పాకితే టేపు లాగింది, ఆవిడ వంగింది. ఆవిడ మనసు కింది ఇంటివాళ్ల పరుపు మీదికి పోయింది, టేపు లాగింది, తిరిగొచ్చింది. పాలు వెచ్చబెట్టడానికి గ్యాసు వెలిగించలేదు, ఫ్లాస్కులో ముందే పోసుకుంది. ఒడిలో కూర్చోబెట్టుకుని తాగించింది, గుడ్డలు మార్చింది, మళ్లీ పాకనిచ్చింది. "వాడు లాగినప్పుడల్లా నేను ఇంటికొచ్చానండీ," అంది. "అన్నిసార్లు ఇంటికి రావడం నా బతుకులో అదే మొదలు." మధ్యాహ్నం పిల్లాడు చాప మీద నిద్రపోయాడు. ఆవిడ పక్కనే కూర్చుంది, మణికట్టు ముడి విప్పకుండా. ఏదీ మాడలేదు, కారలేదు, పోలేదు. ఇది చూడ్డానికి ఎవరైనా ఉంటే బాగుండునని కూడా అనిపించింది.

కూతురు తన తాళంచెవితో తలుపు తీసుకుని వచ్చింది. అనుకున్నదానికన్నా ముందే వచ్చింది. నిలబడిపోయింది. మొదట ఫోను తీసి ఒక ఫొటో తీసింది. ఆ తర్వాత ముడి విప్పింది.

"కుక్కపిల్లనుకున్నావా వీణ్ణి?"

"వాణ్ణి కట్టలేదమ్మా. నన్ను కట్టుకున్నాను."

"మెడకి చుట్టుకుంటే?"

ఆవిడ తన మణికట్టు కేసి చూసుకుంది. గ్యాసు గురించి ఆలోచించింది, బాల్కనీ గురించి, నడుము నొక్కుకుంటుందని గుడ్డ గురించి ఆలోచించింది. మెడ సంగతి తోచనే లేదు. పిల్లాడు నిద్రలో ఒక్కసారి దొర్లితే చాలు. అన్నీ గుర్తుపెట్టుకున్న ఆ ఒక్కరోజునా మర్చిపోయింది అదే.

కూతురు పిల్లాణ్ణి భుజాన వేసుకుంది. వెళ్లబోతూ ఆగింది.

"ఆ కౌంటరు నాకు గుర్తుంది, తెలుసా?" అంది. "చిన్నపిల్ల, దానికేం గుర్తుంటుందిలే అని అందరూ నా ముందే నవ్వుతారు. నేనూ నవ్వుతాను. ఆయన ఇచ్చిన బిస్కెట్టు నేను తిన్లేదమ్మా. మెత్తబడి రాలిపోయేదాకా పట్టుకుని తలుపు వైపే చూశా. నువ్వు మర్చిపోయి వెళ్లలేదు. వెళ్తూ వెనక్కి తిరిగి నన్ను చూసి నవ్వావు కూడా. నవ్వి, వెళ్లిపోయావు."

ఆ నవ్వు ఆవిడకి గుర్తులేదు. ఎంత వెతికినా గుప్పెట్లో బొత్తామే గుర్తొచ్చింది.

సాయంత్రానికల్లా ఫొటో చుట్టాలందరి ఫోన్లలోకి చేరింది. చాప మీద పిల్లాడు, టేపు, టేపు చివర ఆవిడ. బొత్తాల కథ పాతబడిపోయింది. అక్క ఫోను చేసింది. "అంగుళాల లెక్కన పెంచుతున్నావటే మనవణ్ణి?" ఆయన డిపోలో కూడా చూపించాడు.

తర్వాత ఇంట్లో పెద్దలంతా మాట్లాడుకుని ఒక ఏర్పాటు చేశారు. ఆవిడ రోజూ కూతురింటికే వెళ్లి పిల్లాణ్ణి చూసుకోవచ్చు. వియ్యపురాలు ఎదురుగా కూర్చుని ఆవిణ్ణి చూసుకుంటుంది. ఆవిడ ఒప్పుకుంది. ఒప్పుకోక ఇంకేముంది?

దుకాణం పని పూటకి కుదించుకుంది. మొదటి రోజు వెళ్తూ తన బాల్కనీలోంచి పూలకుండీ దించి, ముసలావిడ స్టూలు కడిగి, తుడిచి, బస్సులో ఒళ్లో పెట్టుకుని పట్టుకుపోయింది. మర్చిపోలేదు. సోఫా మరీ దూరం, అక్కణ్ణుంచి పనిచేయదు. కూతురింటి హాల్లో, పిల్లాడు పాకే చాపకి ఎదురుగా స్టూలు తనే వేసింది.

"కూర్చోండి వదినగారూ."

వియ్యపురాలు కూర్చుంది. గోడకి ఆనుకుంది. ఇంజక్షను నీరసమేమో, కాసేపటికే కళ్లు మూతలుపడ్డాయి, గురక మొదలైంది. ఆవిడ పిల్లాడికి తాగించింది, తుడిచింది, ఎత్తుకుంది, ఆడించింది. వాచ్‌మన్ గురక పెడుతుంటే కర్టెన్ల నాలుగో వైపు కుట్టినట్టే. ఏదీ జారలేదు. మనవడు ఒళ్లో కూర్చుని ఆవిడ మెడలో టేపు పట్టుకోబోతే, తీసి పై అరలో పెట్టింది.

ఫోను మోగింది. వియ్యపురాలు ఉలిక్కిపడి లేచి, మూతి తుడుచుకుని ఎత్తింది. అవతల కోడలు.

"పిల్లాడా? బంగారంలా ఉన్నాడు. రెప్ప వేయకుండా చూసుకుంటున్నాను. మీ అమ్మా? ఇక్కడే ఉంది, నా కళ్ల ముందే ఉంది, నీకేం భయం లేదు." ఫోను చెవి నుంచి కొంచెం జరిపి అడిగింది. "అవునా కాదా వదినగారూ?"

పిల్లాడు ఆవిడ భుజం మీద నిద్రలోకి జారుకుంటున్నాడు. గట్టిగా మాట్లాడితే లేస్తాడు.

"అవునండీ," అంది.